ఏజెన్సీ గీత వెంట అయిదు రోజులు

విశాఖపట్నంలో ‘ఏజెన్సీ’ అన్న మాట పూటకోసారి చెవిన పడుతుంది. ఏజెన్సీ బస్సు, ఏజెన్సీ పసుపు, ఏజెన్సీ మిరియాలు, ఏజెన్సీకి బదిలీ. చివరిది చెప్పేటప్పుడు గుమాస్తా గొంతు కాస్త తగ్గుతుంది. మాట ఇంతగా నలిగింది గానీ, ఆ ఏజెంటు ఎవరు, ఎవరికి ఏజెంటు అని అడిగితే తడుముకునేవాళ్లే ఎక్కువ.

1839లో వచ్చిన 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించింది. జిల్లా కలెక్టరుకే ‘గవర్నరు ఏజెంటు’ అన్న హోదా ఇచ్చి, సివిలు తగాదా, నేర విచారణ, శిస్తు, పోలీసు అన్నీ ఆయన చేతిలో పెట్టింది. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. మన్యం అన్న సొంత పేరు పాటల్లోకి, జ్వరం పేరులోకి వెళ్లిపోయింది.

ఆ రోజు గీసిన గీతకు తర్వాత చాలా పేర్లు పెట్టారు. 1874లో ‘షెడ్యూల్డ్ జిల్లా’, 1919లో ‘వెనుకబడిన ప్రాంతం’, 1936లో ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతం’, 1950లో రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ‘షెడ్యూల్డ్ ప్రాంతం’. పేరు మారినంతగా గీత మారలేదు. విశాఖ నుంచి బయల్దేరి అయిదు రోజులు ఆ గీత వెంటే తిరిగి రావడం ఈ ప్రయాణం.

కాలం విషయానికొస్తే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానల్లో ఘాటు రోడ్ల మీద కొండచరియలు జారతాయి, గెడ్డలు (కొండవాగులు) పొంగితే లోపలి ఊళ్లకు దారి ఉండదు. దోమతెర, టార్చి, చిల్లర నోట్లు తప్పనిసరి. మెయిన్ రోడ్డు దిగితే ఫోన్ సిగ్నలు పోతుంది కాబట్టి మ్యాపు ముందే దించి పెట్టుకోవాలి. ఇళ్లను, మనుషులను అడగకుండా ఫొటో తీయకూడదు. అడిగినా, పర్యాటకుల కోసం కట్టించే థింసా (గిరిజనుల గుంపు నాట్యం) గుంపు దగ్గర వచ్చే సరే వేరు, ఊళ్లో వచ్చే సరే వేరు.

మొదటి రోజు: మహారాణిపేట, పద్మనాభం, పాండ్రంగి

పొద్దున్నే మహారాణిపేటలోని పాత కలెక్టరాఫీసు భవనం చుట్టూ ఒకసారి తిరిగితే చాలు. కొండ మీది పోడు (అడవి కొట్టి చేసే సాగు) సంగతి సముద్రపు గాలి కొట్టే ఈ గట్టు మీద తేలేది. దండు కదలాలన్నా, ముఠాదారుకు (కొన్ని కొండ ఊళ్ల మీది పెత్తందారు) సనదు (నియామక పత్రం) ఇవ్వాలన్నా, తీసేయాలన్నా ఇక్కడి సంతకమే. కొండ ఎక్కిన దొరలు తక్కువ. ఎక్కినవాళ్లు మన్యం జ్వరంతో మంచాన పడేవారు. కొండల్లో నేరుగా పాలించకుండా ముఠాదార్ల మీద ఆధారపడటానికి ఆ జ్వరం కూడా ఒక కారణం.

ఆనందపురం మీదుగా పద్మనాభం చేరేసరికి గంటకు పైనే పడుతుంది. 1794 జూలై 10న ఇక్కడ ఈస్టిండియా కంపెనీ దండు విజయనగరం రాజు విజయరామరాజును చంపింది. దీన్ని సాధారణంగా విజయనగరం కథగానే చెబుతారు. కొండవాళ్లకు మాత్రం వేరే లెక్క. విజయనగరం అంతకుముందు తొక్కేసిన చిన్నచిన్న కొండ జమీందార్లను కంపెనీ మళ్లీ గద్దెనెక్కించి, ఎవరికి వారికి విడిగా పేష్కష్ (కప్పం) కట్టింది. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చింది. అంటే ఏటా ఇంత సొమ్ము, ఈ తేదీకి, నగదుగా. ఆలస్యమైతే ఎస్టేటు వేలం.

తిరకాసు అక్కడే. కొండ సంస్థానంలో రాబడి ధాన్యం, తేనె, కలప, వెట్టి రూపంలో వచ్చేది. కింద ఖజానాకు కట్టాల్సింది నాణెం. మధ్యలో దిగువ దేశపు సావుకారు దూరాడు. బాకీ పడితే వేలం, వేలం వేస్తే పాతదొర మనుషులు కొండెక్కి ఫితూరీ (తిరుగుబాటు), ఫితూరీ అణచడానికి దండు, ఆ దండు ఖర్చు మళ్లీ శిస్తు మీదే. 1830ల్లో పర్లాకిమిడి, విశాఖ కొండల్లో వరసగా ఇదే జరిగింది. ప్రత్యేక కమిషనరుగా వచ్చిన జార్జ్ రస్సెల్ తేల్చిన మాట, దిగువ దేశపు కోర్టులూ రెగ్యులేషన్లూ ఇక్కడ నడవవని. దాని ఫలితమే 1839 చట్టం. కొండవాళ్ల మీద జాలితో గీసిన గీత కాదది, దండు ఖర్చు తగ్గించుకోవడానికి గీసింది. ఆ తేడా గుర్తుంటే తర్వాతి రోజుల్లో కనిపించేవి చాలావరకు అర్థమవుతాయి.

ఇదే మండలంలో గోస్తనీ ఒడ్డున పాండ్రంగి. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పుట్టిన ఊరు. చూడటానికి అరగంట చాలు. రాత్రికి విశాఖ చేరిపోవాలి, తెల్లవారితే రైలు.

రెండో రోజు: బొర్రా, అనంతగిరి, అరకు

కిరండూల్ పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలవుతాయి. ఈ లైను ఇంగ్లీషువాళ్లది కాదు. బైలదిల్లా ఇనప రాయిని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసింది. ఎదురుగా వచ్చే గూడ్సు బండి వ్యాగన్లు లెక్కపెడుతూ కూర్చున్నవాళ్లకు మధ్యలో లెక్క తప్పుతుంది.

బొర్రా గుహల దగ్గర దిగాక, 1807లో ఎవరో తెల్లదొర ఈ గుహలను ‘కనిపెట్టాడ’ని రాసిన మాటలు కనిపిస్తాయి. ఊళ్లో వాళ్లేమో పైనుంచి ఆవు పడిపోతే వెతుక్కుంటూ వెళ్లి శివలింగం చూశామంటారు. రెండు కథలూ పక్కపక్కనే నడుస్తాయి. ఆవు కథలో కనీసం అక్కడ ముందే మనుషులున్నారు.

గుహలకంటే ముఖ్యమైంది బొర్రా పంచాయతీయే. ఇక్కడి ఊళ్లు రిజర్వు అడవి నడుమ చిక్కుకుని ఉన్నాయి. అటవీ శాఖ భాషలో వీటిని ‘ఎన్‌క్లోజర్లు’ అంటారు. అడవిని రిజర్వు చేస్తూ గీత గీసుకుంటూ వచ్చినప్పుడు ఊరు అడ్డొస్తే, ఇళ్లూ పల్లపు భూములూ వదిలి చుట్టూ రాళ్లు పాతేశారు. ఊరు మిగిలింది, ఊరి బతుకు రాళ్లకు అవతల ఉండిపోయింది. మేత, వంటచెరకు, పోడు, తేనె, దుంప, అడ్డాకు అన్నీ అవతలే. అటు అడుగేస్తే నేరం.

ఆ ఊళ్లలోనే తర్వాత కాల్సైటు, మైకా గనులకు ప్రభుత్వం లీజులు ఇచ్చింది. గిరిజనేతరులకు గిరిజన ప్రాంతంలో భూమి బదిలీ చెల్లదని చట్టం ఉందిగా అంటే, ఆ చట్టం మనుషులకే గానీ ప్రభుత్వానికి కాదన్న వాదన వచ్చింది. సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరి మెజారిటీతో (మూడో న్యాయమూర్తి విభేదించారు) ఆ వాదన కొట్టేసింది. చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. గని తవ్వకం ప్రభుత్వ సంస్థ చేసినా నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు గిరిజనుల బాగుకు పక్కన పెట్టాలంది. దేశంలో ఎక్కడ అయిదో షెడ్యూలు కేసు నడిచినా బొర్రా పేరు పలకక తప్పదు. గుహలకు వచ్చే బస్సుల్లో ఎక్కువమందికి ఆ సంగతి తెలీదు.

మధ్యాహ్నం జీపు పట్టుకుని అనంతగిరి మీదుగా అరకు. కాఫీ తోటల దగ్గర ఆగి, ఏది ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. సిల్వర్ ఓక్ చెట్టు, దాని మీద మిరియం తీగ, కింద కాఫీ. పైపైన చూస్తే అన్నీ ఒకటే. కొన్ని అటవీ అభివృద్ధి సంస్థవి, అక్కడ గిరిజనులు కూలీలు. కొన్ని ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా గిరిజనులే వేసుకున్నవి, అక్కడ వాళ్లు రైతులు. ఒకే కొండవాలు, ఒకే పంట. కాగితాన్ని బట్టి పండు కోసినవాడికి దక్కేది కూలో, ధరో అవుతుంది.

అరకు గిరిజన మ్యూజియం చీకటి పడేలోపు చూసేయొచ్చు. బొమ్మలు, నగలు దాటి పనిముట్ల దగ్గర ఆగండి. అక్కడ చూసిన గొడ్డలి, గునపం మూడో రోజు పనికొస్తాయి.

మూడో రోజు: పాడేరు

అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు. దారిలో ఊళ్ల పేర్ల చివర పుట్టు, గుడ, వలస, గెడ్డ. అక్టోబరు, నవంబరుల్లో వలిసె పూలతో చేలన్నీ పసుపుగా ఉంటాయి. ఫొటోల కోసం జనం చేలోకి దిగి తొక్కేస్తారు. అది పూలతోట కాదు, నూనెగింజ పంట. గట్టు మీద నిలబడితే చాలు.

కొండవాలు మీద మచ్చలుమచ్చలుగా కనిపించేది పోడు. ‘అడవి నరికి తగలబెట్టడం’ అని ఒక్క ముక్కలో తేల్చేసే పనికి నిజానికి పద్ధతి ఉంది. మాఘ, ఫాల్గుణాల్లో వాలు ఎంచుకుని పొదలు, చిన్న చెట్లు కొడతారు. ఇప్ప, చింత, జీలుగు, పనస లాంటివి ముట్టుకోరు. పెద్ద చెట్టు మొద్దును మోకాలెత్తున వదిలేస్తారు, అది మళ్లీ చిగురేస్తుంది, వేరు మట్టిని పట్టుకుంటుంది. కొట్టిన కంపను నెలా రెండు నెలలు ఎండనిచ్చి, వానలకు ముందు కాలుస్తారు. బూడిదే ఎరువు. తొలకరి పడగానే దున్నకుండా గునపంతో గీరి సామ, కొర్ర, చోడి, కంది, జొన్న కలిపి చల్లుతారు. ముందు సామ కోతకొస్తుంది, చివర కంది. ఒక వాన తప్పినా ఏదో ఒక గింజ ఇంటికొస్తుంది. రెండు మూడేళ్లు పండించి ఆ చెక్క వదిలేసి వేరే చెక్కకు వెళ్తారు. పాతది మళ్లీ అడవయ్యాకే తిరిగొస్తారు.

ఈ చక్రం తిరగాలంటే ఒక కుటుంబానికి పండించే చెక్కకు ఎన్నో రెట్లు బీడు ఉండాలి. 1882 మద్రాసు అటవీ చట్టం సరిగ్గా ఆ బీడునే తీసేసుకుంది. పండే చేను కంటికి కనిపిస్తుంది, శిస్తు పుస్తకంలో ఎక్కుతుంది. బీడు ఎవరిదీ కాదనిపిస్తుంది, అడవిగా రాసుకున్నారు. చెక్కలు తగ్గేసరికి పదేళ్లకు తిరిగి రావాల్సిన చోటికి మూడేళ్లకే తిరిగొచ్చారు. చెట్టు ఎదగలేదు, బూడిద చాలలేదు, మట్టి వానకు కొట్టుకుపోయింది. అప్పుడు అధికారులు కొండ మీది గండ్లు చూపించి, పోడు అడవిని పాడు చేస్తోందని రాశారు. రోగం తెచ్చిపెట్టి, రోగిని తిట్టినట్టు.

రిజర్వు చేసిన తీరు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే నేటికీ దాదాపు అదే తీరు. సెక్షన్ 4 కింద ‘ఈ హద్దుల్లోని భూమిని రిజర్వు చేయదలిచాం’ అని గెజిట్లో ప్రకటన. ఫారెస్టు సెటిల్‌మెంటు అధికారి నియామకం. హక్కులేవైనా ఉంటే గడువులోగా చెప్పుకోమని ఊళ్లలో చాటింపు. విచారణ, ఆపైన తుది ప్రకటన. తుది ప్రకటన తర్వాత, చెప్పుకోని హక్కు పోయినట్టే. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంది. చదవడం రాని ఊరు, పోడు చెక్కకు సర్వే నంబరు లేదు, ఈ ఏడు ఇక్కడ పండించిన మనిషి రెండు మూడేళ్లకు ఇంకోచోట. అటవీ చట్టాల చూపులో పోడు హక్కు కాదు, సర్కారు తలచుకుంటే ఆపేయగల సదుపాయం. ఇక చెప్పుకోవడానికేముంది. పోడు మీద ఆంక్ష, కలప మీద పన్ను, జీలుగు కల్లు మీద చిగురుపన్ను కలిసి 1879 రంపఫితూరీకి దారి తీశాయి. అది గోదావరి కొండల్లో పుట్టి ఇటు గొలుగొండ కొండలకూ పాకింది. అటవీ చట్టం వచ్చింది ఆ ఫితూరీ చల్లారిన రెండేళ్లకు. పాఠం నేర్చుకోలేదనుకోవాలో, నేర్చుకునే చేశారనుకోవాలో.

మధ్యాహ్నం ఐటీడీఏ ఆఫీసు, ఇప్పటి జిల్లా కలెక్టరాఫీసు వైపు నడవండి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం. చెట్ల కింద కాగితాలు పట్టుకుని కూర్చున్నవాళ్ల చేతుల్లో ఎక్కువగా రెండు రకాల గొడవలుంటాయి.

ఒకటి ఆర్వోఎఫ్ఆర్ పట్టా. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికి, కుటుంబానికి 4 హెక్టార్లు మించకుండా, హక్కు ఇస్తారు. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేయాలి. అందులో మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు. వ్యక్తిగత హక్కుకు ఫారం ‘ఎ’, ఊరుమ్మడి హక్కుకు ‘బి’, ఊరి అడవి మొత్తం మీద పెత్తనానికి ‘సి’. కమిటీ పొలానికి వెళ్లి చూసి గ్రామసభ తీర్మానంతో సబ్ డివిజను కమిటీకి, అక్కడి నుంచి జిల్లా కమిటీకి పంపుతుంది. పెద్దల వాంగ్మూలం, పాత జరిమానా రశీదు, సమాధులు, బావి, చేతితో నాటిన చెట్లు అన్నీ సాక్ష్యమే. ఒకప్పుడు పోడు కొట్టినందుకు అటవీ శాఖ వేసిన జరిమానా కాగితం ఇవాళ హక్కుకు గట్టి రుజువు. దాన్ని సిగ్గుపడి పారేసిన ఇళ్లున్నాయి.

పని చెడేది ఎక్కడంటే, మొదట గ్రామసభలో. చట్టం చెప్పేది గూడెం గ్రామసభ, జరిపేది పంచాయతీ కేంద్రంలో. సగం మంది లేకపోతే, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు లేకపోతే తీర్మానం నిలవదు. జీపీఎస్ కొలతప్పుడు నాలుగు మూలలకూ బదులు చేను మధ్యలో నిలబడి చుక్క పెడితే అయిదెకరాలు ఎకరన్నర అయిపోతుంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి, ఫారంలో భార్య పేరు గడి ఖాళీగా వదిలేస్తారు. తిరస్కరిస్తే కారణంతో కాగితం ఇవ్వాలి. నోటి మాటతో పంపేస్తే అప్పీలుకున్న 60 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు అయిపోయాయో తెలీదు. అన్నీ దాటి పట్టా చేతికొచ్చినా రిజర్వులో సర్వే నంబరు ఉండదు, కంపార్టుమెంటు నంబరే. రెవెన్యూ కంప్యూటరు అడిగేది సర్వే నంబరు. బ్యాంకులో అప్పు దగ్గర బండి అక్కడే ఆగుతుంది. ఫారం ‘సి’ గురించి అడిగితే చాలామంది దగ్గర ఆ ఫారమే ఉండదు. చక్రం తిరగడానికి కావలసిన బీడు తిరిగి దక్కేది దానితోనే.

రెండోది ఎల్టీఆర్ (భూబదిలీ రెగ్యులేషను) కేసు, అంటే వన్ ఆఫ్ సెవెంటీ (1/70). దీని మూలం కూడా తెల్లవాళ్ల కాలంలోనే ఉంది. సంతలో ఉప్పు, గుడ్డ అప్పిచ్చి, సావుకారు తన కుంచంతో కొలుచుకుని పంట తీసుకుని, చివరికి భూమి తీసుకునేవాడు. 1917 నాటి ఏజెన్సీ భూబదిలీ చట్టం ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి చెల్లదంది. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదంది. లొసుగు, గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడికి అమ్మకం తప్పు కాదు. ఒకసారి చేతులు మారిన భూమి తర్వాత ఎన్నిసార్లయినా మారొచ్చు. 1959 రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన 1/70 సవరణ ఆ లొసుగు పూడ్చాయి. ఇప్పుడు గిరిజనేతరుడు ఎవరికి అమ్మినా, గిరిజనుడికి లేదా గిరిజనుల సహకార సంఘానికి తప్ప, చెల్లదు. ఇంకా గట్టి ముక్క ఇంకోటుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట అనుకోవాలి, కాదని రుజువు చేసే భారం అతనిదే.

విచారణ జరిపేది గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. కేసు ఓడేది సాధారణంగా చట్టం దగ్గర కాదు, కాగితం దగ్గర. తెల్లకాగితం మీద వెనక తేదీ, పనివాడి పేర బినామీ, అంతులేని కౌలు, 1970ల సర్వే సెటిల్‌మెంటులో ఎప్పుడో పడిన గిరిజనేతర పట్టా. ఇక్కడి తగాదాలకు ఇప్పటికీ 1924 ఏజెన్సీ రూల్సే దిక్కు. కింద మున్సిఫు కోర్టులో తేలే ఆస్తి దావా ఇక్కడ రెవెన్యూ అధికారి బల్ల మీద తేలుతుంది. రక్షణా, దిక్కులేనితనం ఒకే చట్టం నుంచి వచ్చాయి. చెట్టు కింద కూర్చున్న మనిషి ఒక కాగితంతో రెవెన్యూ దగ్గరికి, ఇంకో కాగితంతో ఫారెస్టు దగ్గరికి తిరగడానికి కారణం కూడా అదే. ఒకరు భూమిని కాపాడతామంటారు, ఒకరు ఆ భూమే మాదంటారు.

సాయంత్రం సంత ఉంటే జీసీసీ డిపో చూడండి. 1956లో పెట్టిన గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకు ఇక్కడ కాటా మీద పెట్టి కొంటారు. సావుకారు కుంచానికి జవాబు ఆ కాటాయే.

నాలుగో రోజు: చింతపల్లి, లంబసింగి ఘాటు

పాడేరు నుంచి చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన మొదటి పోలీసు స్టేషను ఈ ఊళ్లోనిది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు. మ్యాపు మీద ఆ మూడు ఊళ్లనూ కలిపి గీత గీస్తే, కొండ దిగి, అడవి దాటి, గోదావరి వైపు నడిచిన దారి కనిపిస్తుంది. ఊళ్ల అన్నం, ఊళ్ల కళ్లు లేకుండా ఆ నడక సాగదు.

లంబసింగి చలి కోసం వచ్చే బండ్లన్నీ నర్సీపట్నం ఘాటు మీదుగా వస్తాయి. ఆ రోడ్డే ఈ రోజు చూడాల్సింది. మలుపుల దగ్గర బండి పక్కకు ఆపి, కొండవైపు కాలువ, లోయవైపు రాతికట్టడం, మధ్యలో తూములు గమనించండి. ఘాటు రోడ్డు ఒకసారి వేస్తే అయిపోయేది కాదు. కొండను కోసిన చోట మట్టి వదులవుతుంది. కొండవైపు కాలువ పూడితే నీరు రోడ్డు మీదికొచ్చి లోయవైపు గట్టు కోసేస్తుంది. ఒక్క తూము మూసుకుపోతే పైనుంచి కింది దాకా రెండు మూడు మలుపులు జారతాయి. అంటే ఏటా వానలు వెళ్లగానే మళ్లీ జనం కావాలి. సరిగ్గా కోతల వేళకు.

1920ల్లో ఆ జనం ఎక్కడి నుంచి వచ్చారు? చుట్టుపక్కల ముఠాల నుంచి, బలవంతాన. గూడెం కొండల డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు కొండల్లో నేటికీ తిట్టుగా మిగలడానికి ఈ రోడ్డే కారణం. కూలి పూర్తిగా ఇవ్వడు, రానివాడిని కొట్టిస్తాడు. పోడు కొట్టనివ్వరు, కొట్టనిచ్చినా కోసుకునే వేళ రోడ్డుకు లాక్కుపోతారు. బాస్టియన్‌తో పేచీ పడ్డ గాం గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర సీతారామరాజు వెంట నడిచారు. బయటినుంచి వచ్చిన ఒక క్షత్రియ యువకుడి చుట్టూ కథంతా అల్లడం మైదానం అలవాటు. ఆ యువకుడు రాకముందే ఈ కొండల్లో ఫితూరీ రాజేయడానికి కావలసిందంతా సిద్ధంగా ఉంది. 1845లో, 1857లో, 1879లో, 1886లో ఇవే కొండలు లేచాయి.

ముఠాదారు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొన్ని ఊళ్ల గుంపు ఒక ముఠా. సర్కారుకు కట్టుబడి (ముఠా మీద వేసిన శిస్తు) కట్టి, నేరం జరిగితే కబురు చెప్పి, అధికారి వస్తే బస, బోయీలు చూసేవాడు ముఠాదారు. పాతకాలంలో వంశం వల్ల, ఊరి ఒప్పుదల వల్ల వచ్చిన పెత్తనం. సనదు వచ్చాక అది సర్కారు కొలువు, ఇష్టం లేకపోతే తీసేస్తారు. ఊరికి జవాబు చెప్పాల్సిన మనిషి ఏజెంటుకు జవాబుదారీ అయ్యాడు. కొందరు ముఠాదార్లు దళానికి అన్నం పెట్టారు, కొందరు పోలీసుకు దారి చూపారు. 1969 రెగ్యులేషనుతో ముఠాలు రద్దయి రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి) వచ్చింది. చింతపల్లి, గూడెం ఊళ్లలో ఇంటి పేరు చెప్పగానే ‘వాళ్లది ముఠాదార్ల ఇల్లు’ అనడం మాత్రం పోలేదు.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మాటు వేసిన దళం, ముందు నడిచిన మన సిపాయిలను దాటనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చింది. ఎవరిని వదలాలో, ఎవరిని కొట్టాలో ఇరుకు దారిలో ఎంచి మరీ చేసిన దాడి అది. ఆ తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. దళానికి తిండి పెట్టాయన్న అనుమానంతో ఊళ్లకు ఊళ్లను నలిపారు.

రాత్రి బసకు నర్సీపట్నం మేలు. ఆ ఇద్దరు అధికారుల సమాధులు ఈ ఊళ్లోనే ఉన్నాయి.

అయిదో రోజు: కొయ్యూరు, కృష్ణదేవిపేట, గీత

కొయ్యూరు, మంప ఒక పూట. మంప దగ్గర పట్టుబడ్డ సీతారామరాజును 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. విచారణ లేదు. గంటందొర కొన్ని వారాల తర్వాత చనిపోయాడు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈ ఒక్క మనిషి మీద విశాఖలో ఒక వీధి పేరైనా పెద్దగా వినిపించదు.

కొయ్యూరు నుంచి కృష్ణదేవిపేటకు దిగేటప్పుడు ఎడాపెడా చూస్తుండండి. ఎక్కడా గేటు లేదు, హద్దురాయి కంటికి ఆనదు. వాలు తగ్గి చెరువు కింద వరిచేలు, జీడితోటలు మొదలవుతాయి. ఎక్కడో ఆ మధ్యన గీత దాటేస్తాం. కొయ్యూరు మండలం షెడ్యూల్డ్ ప్రాంతం, అల్లూరి సీతారామరాజు జిల్లా. గొలుగొండ మండలంలోని కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లా. జిల్లాలు విడగొట్టినప్పుడు గీత అక్కడే మళ్లీ పడింది.

పార్కులో సీతారామరాజు, గంటందొర సమాధులు చూసి బయటికొచ్చాక ఊరి భూముల సంగతి అడగండి. 1950 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వులో విశాఖపట్నం ఏజెన్సీ మొత్తం ఉంది. 1951లో ఇంకో ఉత్తర్వుతో కొన్ని గ్రామాలను పేరుపేరునా అందులోంచి తీసేశారు. చీడికాడ, కొంకసింగి, గొలుగొండపేట, వాటితోపాటు కృష్ణదేవిపేట. కాబట్టి ఆ సమాధులున్న నేలకు 1/70 వర్తించదు.

ఇక్కడి నుంచి రోలుగుంట, రావికమతం, మాడుగుల దాకా కొండ అంచునే వెళ్తే కొండదొరలు, గదబలు ఉన్న గూడేలు చాలా తగులుతాయి. మనుషులు అవే కులాలు, పంట అదే జీడి, కంది, చోడి. వీళ్లను ‘నాన్ షెడ్యూల్డ్ గిరిజనులు’ అంటారు. మనిషికి ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, నేలకు లేదు. కొండ మీది బంధువు గిరిజనేతరుడికి ఎకరం అమ్మబోతే రిజిస్ట్రారు కాగితం తిప్పి పంపుతాడు. కింద ఉన్నవాడు అప్పుకు జీడితోట రాసిచ్చేస్తే అదే రోజు రిజిస్టరవుతుంది. ఈ ఊళ్లను షెడ్యూలులో కలపమని అర్జీలు వెళ్తూనే ఉన్నాయి. ఇక్కడి ఊళ్లలో భూమి సంగతి తెలుసుకోదలిస్తే ఊరి పేరుతో సరిపెట్టుకోకూడదు. రెవెన్యూ గ్రామం పేరు అడిగి, ఆ ఊరు 1950 ఉత్తర్వు పరిధిలో ఉందా, 1951లో తీసేశారా అని చూడాలి. ఒకే గూడెంలో వీధికి ఇటు ఒక రెవెన్యూ గ్రామం, అటు ఒకటి ఉన్న చోట్లు ఉన్నాయి.

కృష్ణదేవిపేట నుంచి నర్సీపట్నానికి ఆటోలు చీకటి పడేలోపే పలచబడతాయి. నర్సీపట్నం నుంచి విశాఖకు బస్సులకు కొదవ లేదు.